మెదడు చేయు హెచ్చరిక
(వార్షిక మహాసభ రెండవనాటి ఉదయసమావేశమున ఒక నాడీవైద్యుడు చేసిన ఉపన్యాసము)



విద్యను గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు పెద్దలు నిన్నటినుండి చక్కగా సెలవిచ్చియున్నారు. నేను రోగుల నడుమ కాలము గడపువాడనే గాని వక్తను కాను. కావున నాకు తెలిసిన యొక్క విషయమునే మనవి చేసెదను. అది, జబ్బు రాకముందే మెదడును కాపాడుకొనుట. సూత్రములు వల్లించుటకంటె, ఈ మార్గము చూపిన యొక వైద్యుని జీవితమును చెప్పుట మేలని తలచితిని.

అంతకుముందు మా యింటి ముచ్చట యొకటి విన్నవించెదను. నేను వైద్యకళాశాలలో చదువుచున్న దినములలో, సెలవులకు మా మేనమామగారి యింటికి పోయియుంటిని. ఒకనాటి యుదయమున ఆయన చేతినుండి కాఫీగ్లాసు జారిపడెను. కుడిచేయి మొద్దుబారెను, మాట తడబడెను. పావుగంటలో అంతయు సర్దుకొనెను. ఆయన నవ్వి, "ఏదో నరము పట్టినదిలే" అనిరి. అత్తయ్యగారు దిష్టి తీసిరి. వైద్యవిద్యార్థినని పేరు పెట్టుకొన్న నేను, "ఎండకు నీరసము, మామయ్యా" అని ధైర్యము చెప్పితిని. నాలుగవనాడు ఆయన దొడ్డిలో పడిపోయిరి. పిమ్మట ఆరు సంవత్సరములు మాటలేక, మంచము దిగలేక జీవించిరి. ఆ పావుగంటకాలము మెదడు మాకు చేసిన హెచ్చరికయని నేను తెలిసికొనునప్పటికి వేళ మించిపోయెను. నేను నాడీవైద్యమున ప్రవేశించుటకు అదియే కారణము.

ఆ హెచ్చరికకు అర్థము చెప్పినవారిలో అగ్రగణ్యుడు డాక్టరు చార్లెస్ మిల్లర్ ఫిషర్. ఆయన 1913వ సంవత్సరమున కెనడాదేశమందలి వాటర్లూ పట్టణమున జన్మించెను. టొరంటో విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొంది, రెండవ ప్రపంచయుద్ధకాలమున నౌకాదళవైద్యుడయ్యెను. 1941 ఏప్రిలులో ఆయన యున్న 'వోల్టేర్' అను ఓడను జర్మనులు అట్లాంటిక్ మహాసముద్రమున ముంచివేసిరి. ఆయనకు ప్రాణము దక్కెను గాని స్వేచ్ఛ దక్కలేదు. సుమారు మూడున్నర సంవత్సరములు యుద్ధఖైదీగా నుండెను. విడుదలయైన పిమ్మట మాంట్రియల్ నగరమున నాడీశాస్త్రము నభ్యసించి, బోస్టన్ నగరమున రేమండ్ ఆడమ్స్ అను ఆచార్యునికడ మెదడు పరీక్షలో ఆరితేరెను.

ఆ కాలమున పక్షవాతమనిన వైద్యులకు ఆసక్తి తక్కువ. వచ్చినపిమ్మట చేయగలిగినది లేదని పెదవి విరుచువారే యెక్కువ. కారణమును చాలమంది మెదడు లోపలి నాళములయందే వెదకుచుండిరి. అట్టి సమయమున మాంట్రియల్ లో పక్షవాతరోగి యొకడు ఫిషర్ తో ఒక వింత చెప్పెను. తాను పడిపోవుటకు ముందు కొన్నిమారులు ఒక కంటికి కొద్దిసేపు చీకటి కమ్మి, మరల చూపు వచ్చెడిదట. అయితే ఆ కన్ను చచ్చుబడిన పక్షముది కాదు, రెండవ పక్షముది. ఇతరులైనచో రోగి పొరబడెనని త్రోసివేసియుందురు. ఫిషర్ మాత్రము రోగి మాటను నమ్మి ఆలోచించెను.

మెదడు కుడిభాగము దేహముయొక్క ఎడమపక్షమును నడపును. కుడికంటికిని, మెదడు కుడిభాగమున చాలవరకును రక్తము నందించునది మెడలో కుడివైపున నున్న కంఠధమని యొక్కటియే. మన డెల్టా రైతులకు దీనిని వివరింప నక్కరలేదు. రెండుచేలకు నీరందించు కాలువకు పైన పూడిక పడినచో, ఆ రెండుచేలును ఎండును గదా! కావున లోపము మెదడులో కాక మెడలో నుండవలెనని ఆయన ఊహించెను. శవపరీక్షలలో ఆ దినములలో మెడనాళములను అరుదుగా చూచెడివారు. ఫిషర్ పట్టుబట్టి చూచెను. కంఠధమని పూడియుండుట కన్నులార కనెను. 1951లో ఆ విషయమును ప్రకటించెను. పెద్ద దెబ్బకు ముందు చిన్న హెచ్చరికలు వచ్చుననియు, ఆ నడిమికాలమే రక్షణకు అదననియు ఆయన చాటెను. మెడలోని పూడికకు శస్త్రవైద్యులు ఎప్పటికైన ఉపాయము కనిపెట్టుదురనియు వ్రాసెను. మూడేండ్లకే, 1954లో, లండనులో అట్టి శస్త్రచికిత్స జయప్రదముగా జరిగిన వార్త వెలువడెను. ధమని మిక్కిలి ఇరుకై, హెచ్చరిక పొందినవారికి ఈ చికిత్స పక్షవాతమును తగ్గించునని 1991లో ఉత్తర అమెరికాలో జరిగిన గొప్ప పరిశోధన స్థిరపరచెను.

ఫిషర్ అంతటితో ఆగలేదు. 1954లో బోస్టనులోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి పోయి, దశాబ్దములకొలది అచ్చటనే పనిచేసెను. వరుసగా 1042 మెదళ్లను పరీక్షించి, అందు 114 మెదళ్లలో లోపలి సన్ననాళములు చెడుటవలన నేర్పడిన చిన్నచిన్న గుంటలను గుర్తించి 1965లో ప్రకటించెను. ఆ రోగులలో దాదాపు అందరికిని రక్తపుపోటు ఉండెను. అనగా, నొప్పిలేక, జ్వరములేక, ఏ చప్పుడును చేయక, పోటు ఏండ్లతరబడి మెదడును తొలుచుచుండునన్నమాట. ఆ మహనీయుడు 2012లో, తన 98వ యేట, పరమపదించెను.

సోదరులారా! ఆయన జీవితమునుండి నేను గ్రహించినది యొక్కటే. ఓర్పుతో రోగి మాట వినిన వైద్యుడు ఒక శాస్త్రమునకు పునాది వేసెను. అట్లే, మన దేహము చెప్పు మాటను మనము వినవలెను. మూతి వంకరపోయినను, చేయియో కాలో పట్టుదప్పినను, మాట ముద్దయైనను, ఒక కంటికి చూపు తప్పినను, అది అయిదు నిమిషములలో సర్దుకొనినను, సంతోషించి ఊరకుండరాదు. ఆనాడే ఆసుపత్రికి పోవలెను. సర్దుకొననిచో 108కి కబురు చేసి క్షణము జాగుచేయక పోవలెను. గడ్డను కరిగించు మందు సాధారణముగా మొదటి నాలుగున్నర గంటలలోనే ఈయదగినది. పసరులకును, దిష్టితీతలకును ఆ గంటలు వ్యయమైనచో మరల రావు.

ఇక నివారణమార్గము. నడివయస్సు వచ్చినవారెల్లరు ఏటేట పోటు చూపించుకొనవలెను. మరల మరల చూచినను 140/90 అంకెలకు తగ్గనిచో వైద్యుని సలహా పొందవలెను. "దేహము బాగుగనే యున్నది గదా, మందెందుకు?" అని కొందరు, "మొదలుపెట్టిన జీవితాంతము మ్రింగవలెను గదా" అని కొందరు నాతో వాదించుచుందురు. భోజనమును జీవితాంతము చేయుచునే యున్నాము; దానికి విసుగు లేదు గదా! ఉప్పు దినమునకు 5 గ్రాములకు లోబడియుండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి హితవు. ఆవకాయ, అప్పడము, ఊరుమిరపకాయ మూడును విస్తటిలో చేరిన పూట ఆ హద్దు నిలుచుట కష్టము. మానుమనుట లేదు, మితము పాటింపుడనుచున్నాను. పొగాకు మాత్రము పూర్తిగా మానవలసినదే. మధుమేహమును అదుపులో నుంచుకొనుట, దినమున కరగంట వడిగా నడచుట, మద్యమునకు దూరముగా నుండుట తక్కిన సాధనములు. ముదిమిలో వచ్చు మతిభ్రంశమునందు సైతము దాదాపు సగమునకు మార్చదగిన కారణములే మూలమని 2024లో లాన్సెట్ పత్రికవారి నిపుణసంఘము తేల్చినది. చెవుడు వచ్చినవారు దానిని సవరించుకొనుటయు, వృద్ధులను ఏకాంతమున విడువకుండుటయు ఆ రక్షణలోనివే.

తుదకు దాతలగు పెద్దలకు నా ప్రార్థన. మీ దాతృత్వమున వసతిగృహములు వెలసినవి, విద్యార్థివేతనములు నడచుచున్నవి. వానితోపాటు ప్రతి శాఖాకార్యాలయమున ఒక పోటుయంత్రమును, ఒక చిట్టాపుస్తకమును ఉంచుడు. ప్రతినెల నొక ఆదివారము సభ్యుల పోటు చూచి వ్రాయుడు. ఎక్కువయున్నవారిని వైద్యునికడకు పంపుడు. వసతిగృహ విద్యార్థులకు హెచ్చరిక గుర్తులను నేర్పుడు. వారు సెలవులకు ఇండ్లకు పోయినపుడు, ఏ మామయ్యగారి చేతినుండియో గ్లాసు జారినచో, నేను చేసిన తప్పు వారు చేయకుందురు.

వచ్చు మహాసభలో మీ శాఖల చిట్టాపుస్తకములను చూడగోరుచున్నాను.