మళ్లీ వచ్చిన ముసుగు మనిషి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నువ్వు ఇంజినీరువి కదా, ఏదైనా ఇంజినీరింగ్ సంగతి చెప్పు, కానీ జనం లేచిపోకుండా చెప్పు" అన్నారు కార్యదర్శి గారు. రెండు షరతులూ ఒకేసారి నెరవేర్చడం నావల్ల కాదు. అందుకని నాకు బాగా తెలిసిన ఇంకో విషయం ఎంచుకున్నాను. అది వినగానే మాస్టార్లు కళ్లజోడు పైనుంచి చూస్తారని తెలుసు. యాభై దాటాక ఆ చూపంటే భయం తగ్గింది గానీ, పూర్తిగా పోలేదు.

నేను చెప్పబోయేది అమెరికాలో తీసిన టీనేజ్ స్లాషర్ సినిమాల గురించి. అందులోనూ వాటి సీక్వెల్స్ గురించి. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. ఒక చిన్న ఊరు, లేదా చెరువు ఒడ్డున ఒక క్యాంపు. పదహారు పద్దెనిమిదేళ్ల పిల్లలు. ముసుగు వేసుకుని కత్తి పట్టుకున్న హంతకుడు ఒక్కొక్కరినే చంపుకుంటూ వస్తాడు. చివరికి ఒక అమ్మాయి మిగులుతుంది, వాణ్ణి ఓడిస్తుంది. మరుసటి ఏడు రెండో భాగం వస్తుంది. వాడూ వస్తాడు.

ఈ సరదాని ఇంగ్లీషువాళ్లు గిల్టీ ప్లెజర్ అంటారు. మనం చాటుమాటు సరదా అనొచ్చు. ఎవరూ చూడకుండా డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి నోట్లో వేసుకోవడం లాంటిది. నాకు ఇది ఇంజినీరింగ్ హాస్టల్లో మొదలైంది. తలా కొంత వేసుకుని వీసీఆర్ అద్దెకు తెచ్చేవాళ్లం, రాత్రికి మూడు క్యాసెట్లు. ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, జుట్టు నెరిసింది, ఆ సరదా మాత్రం అలాగే ఉంది.

అసలు ఇవి ఇన్ని ఎందుకు పుట్టాయంటే డబ్బు. 1978లో జాన్ కార్పెంటర్ 'హాలోవీన్' తీశాడు. ఖర్చు సుమారు మూడు లక్షల పాతికవేల డాలర్లు. అమెరికాలోనే నాలుగు కోట్లకు పైగా డాలర్లు వచ్చాయి. హంతకుడి ముసుగు కొనడానికి కూడా డబ్బు లేక, 'స్టార్ ట్రెక్' సీరియల్లో కెప్టెన్ కర్క్ వేషం వేసిన విలియం షాట్నర్ ముఖం మాస్కు ఒకటి దుకాణంలో కొని, తెల్ల రంగు కొట్టి వాడుకున్నారు. చేతిలో ఉన్న సామానుతో పని జరిపించేవాళ్లంటే ఇంజినీర్లకు ఎప్పుడూ గౌరవమే. ఆ లాభం చూసి 1980లో 'ఫ్రైడే ద థర్టీన్త్' వచ్చింది. అదీ అలాగే ఆడింది. ఇక అక్కణ్ణుంచి వరస.

సీక్వెల్స్ తీసేవాళ్లకు మాట మీద నిలబడటం తెలియదు. 'ఫ్రైడే ద థర్టీన్త్' నాలుగో భాగానికి 'చివరి అధ్యాయం' అని పేరు పెట్టి 1984 ఏప్రిల్‌లో విడుదల చేశారు. ఏడాది తిరక్కుండానే 'కొత్త ఆరంభం' అని ఐదోది వచ్చింది. 1993లో 'ఆఖరి శుక్రవారం' అన్నారు. ఆ తర్వాత పదో భాగంలో హంతకుణ్ణి ఏకంగా అంతరిక్షానికి పంపారు. మొత్తం పన్నెండు సినిమాలు. నేను పన్నెండూ చూశాను. కొన్ని రెండుసార్లు.

చివర ఏమవుతుందో తెలిసి కూడా ఎందుకు చూస్తావని మా ఇంట్లో అడుగుతారు. కీచకుడు చస్తాడని తెలియకనా మన తాతలు తెల్లవార్లూ నాటకం చూసింది? తెలిసిన కథలో కంగారు ఉండదు. అందరూ హంతకుణ్ణి చూసి భయపడుతుంటే, అరడజను భాగాలు చూసినవాడు తలుపు గడియ వైపు, పనిచేయని ఫోను వైపు, స్టార్టవని కారు వైపు చూస్తుంటాడు. ప్రమాదం ఎక్కణ్ణుంచి వస్తుందో ముందే పసిగట్టడంలో ఒక సరదా ఉంది. నా ఉద్యోగమూ అదే. రసాయన కర్మాగారాల్లో భద్రత చూసేవాణ్ణి. ఏ వాల్వు ఎప్పుడు మొరాయిస్తుంది, అప్పుడు ఎవరు ఎక్కడ ఉంటారు అని ఆలోచించడానికే నాకు జీతం ఇస్తారు.

అందుకే ఈ సినిమాలను నేను ప్రమాద నివేదిక చదివినట్టు చూస్తాను. 'ఫ్రైడే ద థర్టీన్త్' తీసుకోండి. హంతకుడు ఎవరని అడిగితే అందరూ హాకీ మాస్కు వేసుకున్న జేసన్ అంటారు. మొదటి భాగంలో చంపింది జేసన్ కాదు, వాళ్లమ్మ. హాకీ మాస్కు వచ్చింది మూడో భాగంలో. 1996లో వచ్చిన 'స్క్రీమ్' మొదటి సీన్లో ఇదే ప్రశ్న ఫోన్లో అడుగుతారు. పాపం ఆ పిల్ల జేసన్ అని చెబుతుంది. ఆ ఒక్క తప్పు జవాబుకు ఒక ప్రాణం పోతుంది. మన లెక్కల మాస్టారు ఎంత కఠినమైనా, పావు మార్కుతో వదిలేసేవారు.

ఇంతకీ ఆ తల్లి ఎందుకు చంపింది? 1957లో ఆమె కొడుకు క్యాంపు చెరువులో మునిగిపోయాడు. పిల్లల్ని కనిపెట్టి ఉండాల్సినవాళ్లు ఆ సమయంలో వేరే ధ్యాసలో ఉన్నారు. పన్నెండు సినిమాల్లో పోయిన ప్రాణాలన్నిటికీ నా నివేదికలో మూలకారణం ఒకే వాక్యం: చెరువు దగ్గర కాపలా లేదు.

ఆరో భాగం 1986లో వచ్చింది. వరసలో నాకు బాగా నచ్చేది అదే. అందులో ఊరి పెద్దలు ఒక తెలివైన పని చేస్తారు. క్రిస్టల్ లేక్ అన్న పేరు వింటే జనం భయపడుతున్నారని ఊరి పేరు ఫారెస్ట్ గ్రీన్ అని మార్చేస్తారు. క్యాంపు మళ్లీ తెరుస్తారు. ఈసారి అక్కడికి నిజంగానే చిన్నపిల్లలు వస్తారు. చిన్నప్పుడు జేసన్ చేతిలోంచి బయటపడిన టామీ అనే కుర్రాడు, వాడు మళ్లీ లేచాడని పోలీసు స్టేషనుకు పరుగెత్తుకొచ్చి చెబుతాడు. షెరీఫ్ గారు ఏం చేశారు? టామీనే లోపల వేశారు.

థియేటర్లో జనం నవ్వుతారు. నాకు ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది. ఎందుకంటే అలాంటి ఊళ్లు నేను చూశాను. ప్రమాదం జరిగిన విభాగానికి కొత్త పేరు, కొత్త రంగు. పాత నివేదిక బీరువాలో. మూడేళ్ల తర్వాత అదే చోట అదే ప్రమాదం. మా భాషలో నియర్ మిస్ అని ఒక మాట ఉంది. అంటే తృటిలో తప్పిన ప్రమాదం. దాన్ని రాసుకుని, చదువుకుని, సరిచేస్తే కథ మొదటి భాగంతో ఆగిపోతుంది. రాసుకోకపోతే రెండో భాగం వస్తుంది. సీక్వెల్ అంటే మరిచిపోయినవాళ్ల కథ.

ఇది సినిమా కబురు మాత్రమే కాదు. ఆ 'చివరి అధ్యాయం' వచ్చిన 1984లోనే, డిసెంబరులో, భోపాల్ జరిగింది. అంతకు మూడేళ్ల ముందే, 1981లో, అదే కర్మాగారంలో విషవాయువు తగిలి ఒక కార్మికుడు చనిపోయాడు. 1982లో రాజ్‌కుమార్ కేశ్వానీ అనే స్థానిక పాత్రికేయుడు ఊరు ప్రమాదం అంచున ఉందని వరసగా రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ రాత్రిని సినిమాతో పోల్చడం నా ఉద్దేశం కాదు. హెచ్చరించినవాణ్ణి నమ్మకపోవడం తెరమీద వినోదం, బయట మాత్రం వేల ప్రాణాలు.

ఇక ఈ సినిమాల్లో నన్ను పట్టుకున్న అసలు సంగతి చెబుతాను. వీటిలో పెద్దవాళ్లు ఎవరూ పిల్లల మాట వినరు. వెస్ క్రేవెన్ తీసిన 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్' కూడా 1984దే. కలలో వచ్చి చంపే ఫ్రెడ్డీ కథ. ఒకప్పుడు చట్టం చేతిలోంచి తప్పించుకున్న ఆ దుర్మార్గుణ్ణి ఊరి తల్లిదండ్రులే కాల్చి చంపి, ఆ సంగతి పిల్లలకు చెప్పకుండా దాచారు. వాడు పిల్లల కలల్లోకి వస్తున్నాడు. నాన్సీ అనే అమ్మాయి చెబుతుంది. తల్లి కిటికీలకు ఇనుప చువ్వలు పెట్టిస్తుంది. తండ్రి పోలీసు అధికారి. ఇన్ని నిమిషాల్లో వచ్చి తలుపు పగలగొట్టు నాన్నా అని కూతురు అడిగితే, అలాగేలే, ముందు నువ్వు కాస్త నిద్రపో అన్నట్టు మాట్లాడతాడు. నిద్రపోతే చచ్చిపోతానని చెబుతున్న పిల్లతో!

మూడో భాగం 1987లో వచ్చింది. అందులో భయపడిన పిల్లలందరినీ మానసిక చికిత్సాలయంలో పెడతారు. డాక్టర్లు అదంతా వాళ్ల భ్రమ అంటారు, నిద్రమందు ఇమ్మంటారు. అప్పుడు ఒక యువతి ఆ ఆసుపత్రిలో పనికి చేరుతుంది. ఆమె పెద్దదైన నాన్సీ. పిల్లల మధ్య కూర్చుని, మీరు చెబుతున్నది నాకు తెలుసు, నేను నమ్ముతున్నాను అంటుంది. అంతవరకూ ఒంటరిగా చచ్చిపోతున్న పిల్లలు ఆ రోజు నుంచి కలిసి పోరాడతారు. ఆ వరసలో చాలామంది అభిమానులకు మూడోదే ఎక్కువ ఇష్టం. ట్రిక్కులు బాగుంటాయని అంటారు. నాకు నాన్సీ కుర్చీ లాక్కుని పిల్లల పక్కన కూర్చోవడం ఇష్టం.

మొదట ఈ సినిమాలు చూసినప్పుడు నాకు ఆ పిల్లల వయసు. ఇప్పుడు ఆ షెరీఫ్ వయసు, ఆ తండ్రి వయసు. ఈ హాల్లో సగం మందిదీ అంతే.

మా అమ్మాయి ఇంటర్ చదివేటప్పుడు ఒకరోజు, "నాన్నా, బస్సు దిగిన దగ్గర్నుంచి ఎవరో వెనకాల వస్తున్నట్టుంది" అంది. "నీ భ్రమలే అమ్మా, పరీక్షల టెన్షన్" అనే మాట నా నాలుక చివరదాకా వచ్చింది. నాన్సీ తండ్రి గుర్తొచ్చాడు. మర్నాడు సాయంత్రం నేను బస్‌స్టాప్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. వీధి దీపాలు మూడు వెలగట్లేదు. బైకు మీద ఒకడు నిజంగానే ఉన్నాడు. నన్ను చూసి వెళ్లిపోయాడు. పోలీసులకు చెప్పాం, దీపాలు వేయించాం, నెల రోజులు నలుగురు తండ్రులం వంతులు వేసుకుని నిలబడ్డాం. కథ మొదటి భాగంతోనే ఆగింది. అమ్మాయికి ఇప్పుడు పాతికేళ్లు దాటాయి. ఈ సినిమాలు ఇద్దరం కలిసి చూస్తాం, నాకంటే ముందు తనే గడియ లేని తలుపు చూపిస్తుంది.

ఇవి గొప్ప సినిమాలని వాదించడానికి నేను నిలబడలేదు. జీన్ సిస్కెల్, రోజర్ ఈబర్ట్ అనే ప్రసిద్ధ విమర్శకులు 1980లోనే తమ టీవీ కార్యక్రమంలో వీటిని దుమ్మెత్తి పోశారు. ఆడపిల్లల భయాన్ని సరుకు చేసి అమ్ముతున్నారన్నారు. చాలా వాటి విషయంలో అది నిజమే. తర్వాత కారల్ క్లోవర్ అనే ఆచార్యురాలు, చివరికి మిగిలే ఆ అమ్మాయిని గమనించండి, ఆమె కళ్లతోనే కదా మగపిల్లలు కూడా సినిమా చూస్తున్నారు అని రాసింది. ఫైనల్ గర్ల్ అన్న పేరు ఆమె పెట్టిందే. నాకు రెండు వాదనలూ సబబుగానే కనిపిస్తాయి. పేరు కూడా లేని పాత్రల్ని లెక్క కోసం చంపుకుంటూ పోయే భాగాల్ని నేను సగంలో ఆపేస్తాను.

చూసేవాళ్లను నిలదీసే సీక్వెల్ కూడా ఒకటుంది. 1997లో వచ్చిన 'స్క్రీమ్ 2'. మొదటి సీన్లో సినిమాహాలు నిండా జనం, చాలామందికి ఉచితంగా పంచిన హంతకుడి ముసుగులు. ఒక అమ్మాయిని వాళ్ల మధ్యే పొడుస్తాడు. ఆమె తెర ముందుకు వచ్చి అరుస్తుంటే, సినిమా ప్రచారం కోసం చేస్తున్న ఆట అనుకుని అందరూ కేరింతలు కొడతారు. ఆమె కూలబడ్డాక గానీ హాలు నిశ్శబ్దం కాదు. చాటుమాటు సరదాలో గిల్టీ అనే ముక్క ఎక్కడుండాలో ఆ సీన్ చెబుతుంది. తెరమీద అరుపు విని నవ్వొచ్చు. పక్క సీట్లో అరుపును కూడా సినిమా అనుకుంటే అది తప్పు.

సోషల్ మాస్టారికి ఒక మాట బాకీ ఉన్నాను. 1998లో 'ఐ స్టిల్ నో వాట్ యూ డిడ్ లాస్ట్ సమ్మర్' అని ఒకటి వచ్చింది. రేడియోవాళ్లమని ఫోన్ చేసి బ్రెజిల్ రాజధాని ఏదని అడుగుతారు. పిల్లలు రియో అంటారు. కరెక్ట్, బహామాస్ టూరు గెలిచారు అంటారు. వెళ్తారు. అక్కడ హంతకుడు. 1960 నుంచి బ్రెజిల్ రాజధాని బ్రసీలియా! తప్పు జవాబుకు బహుమతి వచ్చిందంటేనే అనుమానించాలి. అట్లాసు ముందేసి మీరు మాతో రాజధానులు వల్లె వేయించారు మాస్టారూ, మీ క్లాసులో కూర్చున్నవాడెవడూ ఆ బహామాస్ ప్రయాణం కట్టడు.

ఇక్కడున్న ఇప్పటి విద్యార్థులకు ఒక మాట. ఇవి పద్దెనిమిది నిండినవాళ్ల సినిమాలు. బడి వేదిక మీద వీటి పేర్లు చెప్పినంత మాత్రాన ఇవాళే వెళ్లి చూడమని కాదు.

పూర్వ విద్యార్థి సంఘానికి ఒక ప్రతిపాదన. స్వర్ణోత్సవ నిధితో కొత్త గదులు కడుతున్నాం, సంతోషం. దానితోపాటు పైసా ఖర్చులేని పని ఇంకొకటి చేద్దాం. నెలకోసారి ఒక టీచరు, ఒక పూర్వ విద్యార్థి, తరగతికి ఇద్దరు పిల్లలు కలిసి బడి చుట్టూ నడవాలి. పిల్లల్ని ఒకే ప్రశ్న అడగాలి: ఇక్కడ మీకు ఎక్కడ భయమేస్తుంది? గోడ లేని బావి, బల్బు లేని వరండా, ల్యాబులో గ్యాసు గొట్టం, గేటు బయట నిలబడే ఎవరో ఒకడు, ఏదైనా సరే. నవ్వకుండా రాసుకోవాలి. పక్కన తేదీ, ఎవరు చూస్తారో వాళ్ల సంతకం. వచ్చే నెల నడకలో ముందు పాత పేజీ చదవాలి. మొదటి రిజిస్టరు నేను కొనిస్తాను, మొదటి నెల నేనే వస్తాను.

బడికి మాత్రం సీక్వెల్స్ ఉండాలి. వజ్రోత్సవం, శతాబ్ది ఉత్సవం, అన్నీ రావాలి.