నూక యెక్కడ పుట్టును?



మా మదనపల్లె ప్రాంతమున రైతు మరకు వడ్లు తోలి, వచ్చిన బియ్యమును చేటలో పోసి చూచి, నూకలు కంటబడినంతనే మరవానిని దిట్టును. నేనును దిట్టితిని. ఉపాధ్యాయవృత్తి చాలించి సేద్యమునకు దిగిన తొలియేట, చెరువుక్రింది మడి కోతకు వచ్చినది. ఇంట శుభకార్యముండుటచే కోత పండ్రెండు దినములు ఆపితిని. పైరు నిలువున ఎండినకొలది గింజ గట్టిపడును గదా యని నా ధైర్యము. తర్కము చదివినవానికి హేతువులకేమి కొదువ! మరనుండి వచ్చినది మాత్రము సగము నూక. వాదులాడితిని. మరవాడు మాట పెంచక, నా వడ్లలోనివే పది గింజలు చేతితో ఒలిచి దీపమున కెదురుగా పట్టి చూపెను. ఏడు గింజలలో అడ్డముగా నెఱ్ఱెలున్నవి. మర తిరుగకముందే నా బియ్యము విరిగియున్నది!

కారణము మన సీమ వాతావరణమందే కలదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన యెత్తున నున్నవి. జ్యేష్ఠ, మూల కార్తెలలో ఇచ్చట రాత్రి మంచు కురియును; పగలు ఎండ చురుక్కుమనును. పండి ఎండిన గింజ రాత్రివేళ ఆ మంచుతేమను పీల్చుకొనును. పైపొర ఉబ్బును, నడుమనున్న ఎండుభాగము సాగదు. ఆ పెనుగులాటలో గింజ లోలోపల చీలును. తేమ నూటికి సుమారు 15 పాళ్లకు దిగిన గింజకు ఈ యపాయము మెండు. 1986లో బాపట్లనుండి వెలువడిన సాంబమసూరివంటి సన్నబియ్యమును కొనువాడు నూక చూచియే గదా వెల కట్టును!

కావున వెన్నులో నూటికి 80, 85 గింజలు బంగారువన్నెకు తిరిగి, అడుగుగింజలు మాత్రము కొంచెము పచ్చగా నున్నప్పుడే కోయవలెను. పూత ముగిసిన సుమారు 30 దినములకు ఈ యదను వచ్చును; చలి హెచ్చైన యేట మరికొన్ని నాళ్లు పట్టును. అప్పుడు గింజలో తేమ 20 మొదలు 24 పాళ్లు. ఇంకను ముందు కోసినచో, పాలు గట్టిపడని సుద్దగింజలు మరలో పిండియగును.

ఆ పచ్చివడ్లను వెంటనే మరపట్టరాదు. తేమ 14 పాళ్లకు దిగువఱకు ఆరవలెను. తూకము తగ్గునని కొందరు వెనుకాడుదురు. 22 పాళ్ల తేమగల 100 కిలోల వడ్లు 14 పాళ్లకు ఆరినచో సుమారు 91 కిలోలగుట నిజమే; పోయినది నీరేకాని బియ్యము గాదు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రములందు సయితము తేమకు 17 పాళ్లే మేర.

తారురోడ్డుపై మిట్టమధ్యాహ్నము పలుచగా పరచుట ఇప్పటి వాడుక. నా కది రుచింపదు. పైపొర త్వరగా ఆరి ముడుచుకొనగా లోపల తేమ నిలిచి, గింజ పగులును. రెండంగుళముల మందమున పరచి, అరగంట కొకమారు కాలితో దున్నవలెను. ఎండ ముదిరినప్పుడు కుప్పచేసి కప్పి, లోతేమ పైకి వచ్చిన పిదప నీరెండలో మరల పరచవలెను. సాయంకాలము మంచు దిగకముందే కప్పుట మరువరాదు. మరచినచో పొలమున జరిగినదే కళ్లమునను జరుగును.

మఱుసటియేట అడుగుగింజలు పచ్చగా నుండగనే కొడవలి పెట్టించితిని. "అయ్యవారికి తొందర యెక్కువ" అని పొరుగువారు నవ్విరి. వడ్లు నాలుగు దినములు నీరెండలో ఆరి మరకు వెళ్లినవి. మరవాడు బియ్యము చేటలో పోసి నావంక చూచెను. ఈమారు దీపము తీయలేదు.