బుర్కినా ఫాసో: వాన కురిసియు నీరు నిలువని దేశము



నేడు నేను చెప్పబూనినది ఆఫ్రికాఖండపు పడమటి భాగమున, సహారా యెడారికి దక్షిణమున నున్న బుర్కినా ఫాసో దేశమును గూర్చి. 1984 వఱకు దీనిని ఎగువ వోల్టా యని పిలిచెడివారు. వోల్టానది యొక్క పైపాయలు అచ్చట ప్రవహించుటచే ఆ పేరు కలిగినది. 1960 లో ఫ్రాన్సువారి యేలుబడి తొలగెను. మఱి యిరువదినాలుగేండ్లకు అచ్చటివారు తమ భాషల మాటలతోనే క్రొత్తపేరు పెట్టుకొనిరి. ధర్మము తప్పని జనుల దేశమని దాని భావము.

పటము ఎదుట లేనివారు ఇట్లు ఊహించుకొనవచ్చును. మన ఆంధ్రప్రదేశమును తెలంగాణమును కలిపిన యెంత యగునో ఆ దేశము ఇంచుమించుగా అంతే, అనగా సుమారు 2,74,000 చదరపు కిలోమీటర్లు. దాని ముఖ్యపట్టణమైన వాగడూగు చెన్నపట్టణపు అక్షాంశమునకు కొంచెము దక్షిణముగా నున్నది. కావున సూర్యుని విషయమున వారికిని మనకును పెద్ద భేదము లేదు. భేదమంతయు సముద్రము వలననే. మనకు తూర్పున నిడుపైన కడలి కలదు. వారికి ఏ దిక్కునను లేదు. మాలి, నైజరు, బెనిను, టోగో, ఘానా, ఐవరీ కోస్టు అను ఆఱుదేశములు చుట్టును ఆవరించియున్నవి. అబిజాను రేవునుండి పొగబండి దారి 1954 లో గాని వాగడూగు చేరలేదు. ఆ దారి సుమారు 1,150 కిలోమీటర్లు.

నేల మిక్కిలి చదును. నైరృతిమూలనున్న యెత్తైన శిఖరము సైతము సముద్రమట్టమునకు 750 మీటర్లకు మించదు. దేశములో అధికభాగము అడుగున తెలంగాణపు రాతివంటి పురాతనమైన గట్టిరాయి. బావి త్రవ్వినను బోరు వేసినను రాతిచీలికలలో దొరకిన నీరే నీరు. పైన పెక్కుచోట్ల ఎఱ్ఱమొరము పెంకుగట్టి యుండును. దానిమీద ఎత్తైన గడ్డియు, నడుమ నడుమ చెట్లును పెరుగును. ఇట్టి గడ్డిబయళ్లనే సవానా లందురు. దక్షిణమున చెట్లు దట్టము. ఉత్తరమునకు పోనుపోను గడ్డి పొట్టిదై, చెట్లు ముండ్లపొదలై, తుదకు ఇసుక కనబడును.

చెట్ల మాట వచ్చినది గనుక రెండు ముక్కలు చెప్పెదను. అచ్చటి షియాచెట్టు మన యిప్పచెట్టుకు జ్ఞాతి. దాని గింజలనుండి స్త్రీలు వెన్నవంటి క్రొవ్వును తీయుదురు. గోల్కొండలోని కొత్తకోటయందు మిక్కిలి లావైన పాతచెట్టొకటి కలదు గదా. అది ఆఫ్రికా జాతిదే, బావోబాబు అందురు. సజ్జ సైతము సహారా దక్షిణపుటంచున తొలుత పైరుగా మారి, వేలయేండ్ల క్రిందట మన దేశమునకు వచ్చినదే. మన పెద్దలు సజ్జరొట్టె తినునపుడు ఈ బంధుత్వమును తలచెడివారు కారు.

ఇక గాలులు. ఆ దేశపు సంవత్సరమును రెండు గాలులు పంచుకొనును. కార్తికమాసము మొదలు మాఘము వఱకు సహారానుండి ఈశాన్యపు పొడిగాలి వీచును. దానిని హర్మటాను అందురు. అది తెచ్చు ధూళిచేత పట్టపగలు సూర్యుడు తెల్లని బిళ్లవలె కనబడును, పెదవులు పగులును. పిమ్మట మార్చి, ఏప్రిలు నెలలలో ఎండ 40 డిగ్రీలు మీఱును. అటుపై గినీ సముద్రశాఖనుండి నైరృతి తేమగాలి పైకి ప్రాకివచ్చును. దక్షిణమున మే నెలలోనే వాన మొదలగును. ఉత్తరమునకు జూనులోనో తరువాతనో చేరి, సెప్టెంబరులోనే మరలిపోవును. తేమ నైరృతినుండి వచ్చినను, ఉఱుములతో గూడిన మబ్బులబారులు తూర్పునుండి పడమటికి నడచుట ఇందలి విశేషము.

దక్షిణమున ఏటికి 1,000 మిల్లీమీటర్ల వాన కలదు. ఉత్తరమున 600 కు లోపు. వాగడూగులో కురియునది మన అనంతపురములో కురియుదానికంటె అధికమే. అట్లైన ఆ దేశమున కఱవు లేల వచ్చినవి? వానలు తగ్గిన మాట నిజము. 1968 మొదలు 1973 వఱకును, మరల 1983, 84 లలోను పశువులు కూలినవి, ఊళ్లు ఖాళీయైనవి. కాని వాన కురిసిన యేట సైతము నీరు నిలువదు. వాన గంటసేపు దబదబ కొట్టి వెడలును. పెంకుగట్టిన నేల దానిని త్రాగదు. చదునునేలపై నీరు పైమట్టిని కొట్టుకొని పల్లమునకు పోవును. మిగిలినదానిని ఎండ పీల్చును. తెఱపినీటినుండి ఏటికి రెండు మీటర్ల లోతు ఆవిరియై పోగలదు. 2009 సెప్టెంబరు 1 న వాగడూగులో ఒక్కనాడే 263 మిల్లీమీటర్లు కురిసి నగరమును ముంచెను.

నదులయొద్ద నివసింపరాదా యని మీ రడుగవచ్చును. నల్లవోల్టా, తెల్లవోల్టా, ఎఱ్ఱవోల్టా అని పూర్వము పిలిచిన మూడింటిలో నల్లవోల్టా మాత్రమే ఏడాది పొడవున పాఱును. ఆ లోయలలో నేల మంచిదే. ఐనను వేగముగా పాఱు నీటిలో పుట్టు నల్లయీగ కుట్టుటచే మనుష్యులు గ్రుడ్డివారగుచుండిరి. అందుచేత మంచినేల విడిచి, మెట్టలమీద క్రిక్కిఱిసి బ్రతికిరి. 1974 లో పలుదేశములు కలిసి ఆ యీగపై యుద్ధము పూని, విమానములతో మందు చల్లి, 2002 నాటికి పని ముగించెను. లోయలు మరల సాగులోనికి వచ్చినవి.

మెట్టలమీద నిలిచినవారు చేసిన పని నాకు అంతకంటె గొప్పగా తోచును. ఉత్తరమున యాతెంగా సీమలో పాతకాలపు పద్ధతి యొకటి కలదు, దాని పేరు జాయ్. వానకు ముందే, ఎండలలో, గట్టినేలపై జానెడు వెడల్పుగల గుంటలు త్రవ్వి విత్తుదురు. యాకూబా సవడోగో అను రైతు 1980 ప్రాంతమున ఆ గుంటలను పెద్దవిగా చేసి, ఒక్కొక్కదానిలో దోసెడు పేడయెఱువు వేసెను. ఎఱువునకు చెదలు చేరి నేలను తొలుచును. ఆ రంధ్రములలో వాననీరు దిగును. మన రైతులు చెదను శత్రువుగా చూతురు, అచ్చట అది కూలి యడుగని పాలేరు. ఎకరమునకు ఐదువేలు మొదలు పదివేల గుంటలు కావలెను. ఎండలో ఈ పని చేయువానిని చూచి ఇరుగుపొరుగువారు పిచ్చివాడనిరి. అతడు పెంచిన చెట్లకు నిప్పంటించిరి. ఐనను బీడులో జొన్న పండెను. ఎఱువులోని గింజలు మొలవగా వానిని పెఱుకక కాపాడెను. అది అడవియైనది. చిన్ననాట ఖురాను పాఠశాలలో చదివినవాడే గాని భూగోళశాస్త్రము చదివినవాడు కాడు. 2018 లో లోకము అతనికి రైట్ లైవ్లీహుడ్ బహుమాన మిచ్చెను. 2023 డిసెంబరులో మరణించెను.

ఆ సీమలోనే రైతులు వాలునకు అడ్డముగా రాళ్లవరుసలు పేర్చుదురు. మట్టము చూచుటకు వారు వాడునది మన తాపీమేస్త్రీలు వాడు నీటిగొట్టమే. రాళ్లసందులనుండి నీరు మెల్లగా జాఱును, మట్టి నిలుచును.

2015 నుండి ఆ దేశమున సాయుధుల దౌర్జన్యము పెరిగినది. 2023 నాటికి ఇరువదిలక్షలమందికి పైగా ఇండ్లు విడిచిరి. వారిలో ఉత్తరసీమల రైతులే అనేకులు. జాయ్ గుంటను ఏటేట ఎండకాలమున బాగుచేయవలెను. బాగుచేయువాడు లేనిచోట రెండు మూడు వానలకు అది పూడి, నేల మరల పెంకుగట్టును.