పాత ఆపరేషన్ సంగతి స్కాన్ రూములో చెప్పండి

ఆదివారం మన సస్కటూన్ మీటింగులో మాట్లాడింది రాసి గ్రూపులో పెట్టమన్నారు. నేను డాక్టర్ని కాను, సైట్ సూపర్‌వైజర్ని. మా ఇంట్లో జరిగింది కాబట్టి చెప్తున్నా.

మా ఆవిడకు రెండు కాన్పులూ కరీంనగర్‌లో పెద్దాపరేషనే. మనలో ఎవరింట్లో కాలేదు? 2019–21 కేంద్ర సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60, ఆంధ్రలో 42 కాన్పులు ఆపరేషన్లే.

పోయిన చలికాలం మళ్లీ నెల తప్పింది. ఏడో వారంలో కొంచెం ఎర్రగా కనిపించింది. నొప్పి లేదు. పడుకుంటే సర్దుకుంటదిలే అనుకున్నాం. తెలిసినావిడ ఒకరు ఇండియా నుంచి తెచ్చుకున్న అబార్షన్ మాత్రలు ఇస్తానన్నది. ఎందుకో మనసొప్పక 811కి ఫోన్ చేస్తే, నర్సు వెంటనే ఆస్పత్రికి పొమ్మన్నది.

పొట్ట మీద స్కాన్ చేసి, లోపలి నుంచి కూడా చెయ్యాలన్నారు. మా ఆవిడ సిగ్గుపడి వద్దన్నది. నేనూ ఎందుకులే అన్నా. తప్పు నాదే. ఆపరేషన్ల సంగతి కూడా అడిగినాకే చెప్పినం. అది విన్నాక వాళ్లు స్కాన్ చూసే తీరే మారింది. గర్భసంచి లోపల ఖాళీ, కింద ముఖద్వారం ఖాళీ. తిత్తి పోయి ముందుగోడలో పాత కోత పడ్డ చోట ఇరుక్కుంది. దానికీ మూత్రసంచికీ మధ్య గోడ 2 మిల్లీమీటర్లే మిగిలింది. చుట్టూ రక్తం ఎట్లా పారుతోందో రంగుల స్కాన్‌లో చూసినారు. పాత స్లాబ్‌కు కొత్త స్లాబ్ కలిసిన జాయింట్ మనకు తెలుసు కదా, కారేది అక్కడే.

ఇది సుమారు 2,000 గర్భాల్లో ఒకరికి వస్తదట. మామూలు అబార్షనే అనుకుని కడిగినా, సొంతంగా మాత్రలు వేసుకున్నా రక్తం ఆగకపోవచ్చు. ఒక్కోసారి గర్భసంచే తీసెయ్యాల్సి వస్తది. మాకు ముందే దొరికింది. గర్భం నిలవలేదు, ఆ బాధ వేరే. మనిషి దక్కింది.

అందుకే, ఆపరేషన్ అయినవాళ్లు నెల తప్పితే ఆరేడు వారాలకే స్కాన్ అడగండి. “తిత్తి పాత కుట్టుకు ఎంత దూరంలో ఉంది?” అని నోరు తెరిచి అడగండి. ఇంగ్లీషు రాకపోతే ఇంటర్‌ప్రెటర్ కావాలనండి. లోపలి స్కాన్‌కు లేడీ స్టాఫ్ కావాలని అడగొచ్చు. తమ్ముళ్లూ, మీరు వద్దనకండి. రక్తం ఎక్కువ పోయినా, కళ్లు తిరిగినా 911.

మా ఆవిడ డిశ్చార్జ్ కాగితాలు ఊర్లో బీరువాలో ఉంటే మా బావమరిది ఫోటో తీసి పంపినాడు. మీరూ తెప్పించి ఫోన్‌లో పెట్టుకోండి. చలికాలం ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ పొద్దున ఏడున్నర, ఇంట్లోనే ఉంటారు.