మాత్రతో పాటు మెతుకు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "డాక్టరు గారూ, ఈమధ్య వైద్యంలో వచ్చిన కొత్త సంగతులు అందరికీ అర్థమయ్యేట్టు ఓ ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు. కొత్త సంగతులనగానే రోబోతో ఆపరేషన్లు, జన్యు చికిత్సలు గుర్తుకొస్తాయి. అవి చెప్పడానికి మన బడిలో చదివి పెద్ద పెద్ద ఆస్పత్రుల్లో పనిచేస్తున్న మిత్రులు ఉన్నారు. నేను చిన్న ఊళ్లో జనరల్ ప్రాక్టీసు చేసుకునేవాణ్ణి. జ్వరం, దగ్గు, బీపీ, షుగరు, ఇదే నా లోకం. కాబట్టి నా బల్ల ముందు కూర్చునే మనిషికి అక్కరకొచ్చే పరిశోధన ఒకటి ఎంచుకున్నాను. అది అమెరికాలోనో ఇంగ్లండులోనో జరిగింది కాదు. జార్ఖండ్ పల్లెల్లో జరిగింది. అందులో పరీక్షించిన మందు ఏమిటో తెలుసా? బియ్యం, పప్పు.

జబ్బు పేరు క్షయ. టీబీ. "ఇంకా ఉందా అది?" అని చదువుకున్న వాళ్లు కూడా నన్ను అడుగుతుంటారు. ఉంది. ప్రపంచంలో ఏటా కొత్తగా టీబీ వచ్చే ప్రతి నలుగురిలో ఒకరు మన దేశం వారే. కరోనా గురించి మనమంతా గడగడా చెప్పగలం. టీబీ మాత్రం మన కళ్ల ముందే ఉన్నా కనబడదు. ఎందుకంటే అది ఎక్కువగా కూలికి పోయే ఇళ్లలో, గాలి ఆడని ఒంటి గదుల్లో ఉంటుంది. వచ్చిన వాళ్లు కూడా చెప్పుకోరు. ఆడపిల్లకు వస్తే సంబంధాలు రావని దాస్తారు, కోడలికి వస్తే పుట్టింటికి పంపిస్తారు.

క్షయ అనే మాటకు తరిగిపోవడం అని అర్థం. సూక్ష్మజీవి సంగతి తెలియని కాలంలోనే మన పెద్దలు ఈ జబ్బును మనిషి చిక్కిపోవడంతో గుర్తుపట్టారు. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ ఈ జబ్బుకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్టు ప్రకటించాడు. అయినా ఆ తరువాత అరవై ఏళ్లకు పైగా దానికి మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, ఇవే వైద్యం. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం పేరు మన ప్రాంతం వాళ్లకు చెప్పనక్కరలేదు. 1915లో మొదలైన ఆ ఆస్పత్రికి దక్షిణాది నలుమూలల నుంచీ రోగులు వచ్చేవారు. 1948లో మన దేశంలో బీసీజీ టీకాలు వేయడం మొదలైంది కూడా మదనపల్లెలోనే. పాలు, గుడ్లు, వేళకు భోజనం శానిటోరియం వైద్యంలో భాగాలు.

తరువాత మందులు వచ్చాయి. 1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్. అప్పుడు ఒక పెద్ద ప్రశ్న తలెత్తింది. దేశంలో రోగులు లక్షల్లో ఉన్నారు, శానిటోరియం మంచాలు వేలల్లో ఉన్నాయి. మరి ఇంటి దగ్గరే ఉంచి మందులిస్తే నయమవుతుందా? 1956లో మద్రాసులో దీని మీద ఒక పరిశోధన మొదలుపెట్టారు. నగరంలోని పేద రోగుల్లో కొందరిని శానిటోరియంలో ఉంచి, కొందరిని ఇంటి దగ్గరే ఉంచి, ఇద్దరికీ ఏడాది పాటు అవే మందులిచ్చారు. ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు తిండి సరిగా లేదు, విశ్రాంతి లేదు. శానిటోరియంలో ఉన్నవాళ్లు ఎక్కువ బరువు పెరిగారు. కానీ జబ్బు నయం కావడంలో ఇద్దరికీ పెద్ద తేడా కనబడలేదు. 1959లో అచ్చయిన ఈ ఫలితం ప్రపంచమంతటా టీబీ వైద్యాన్ని మార్చేసింది. శానిటోరియంలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పేదవాడు ఇల్లూ పనీ పిల్లల్నీ వదిలి ఏళ్ల తరబడి ఎక్కడో పడుకోవలసిన అవసరం పోయింది. మనం గర్వపడవలసిన పరిశోధన అది.

అయితే దాన్నుంచి వైద్యలోకం ఒక అడుగు ముందుకేసి ఇంకో పాఠం కూడా నేర్చుకుంది. మందు సరిగా వేస్తే చాలు, తిండి సంగతి అంత ముఖ్యం కాదు అని. మద్రాసు పరిశోధన అడిగింది మందు వేసుకునే రోగికి ఇంటి దగ్గర నయమవుతుందా అని. ఆ రోగి పక్కన పడుకునే భార్యకు, పిల్లలకు జబ్బు రాకుండా మంచి తిండి కాపాడుతుందా అన్న ప్రశ్న వేరు. దాన్ని ఎవరూ గట్టిగా పరీక్షించకుండానే అరవై ఏళ్లు గడిచాయి.

2019లో జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో ఆ పరీక్ష మొదలైంది. దాని పేరు రేషన్స్. మంగళూరులోని యేనెపోయ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవీ భార్గవ, చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలతో కలిసి దీన్ని నడిపారు. 2,800 మంది ఊపిరితిత్తుల టీబీ రోగులు, వారి ఇళ్లలోని 10,345 మంది కుటుంబసభ్యులు ఇందులో ఉన్నారు. ఆ కుటుంబసభ్యుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది సంతాల్, హో, ముండా, ఒరాన్ వంటి గిరిజన తెగల వారు.

రోగులందరికీ టీబీ మందులతో పాటు నెలకు 10 కిలోల తిండి సరుకులిచ్చారు. అంటే రోజుకు 1,200 క్యాలరీలు, 52 గ్రాముల మాంసకృత్తులు అదనంగా అందినట్టు. తేడా కుటుంబసభ్యుల దగ్గర పెట్టారు. సగం ప్రాంతాల్లో కుటుంబసభ్యులకు కూడా ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, వాటితో విటమిన్ మాత్రలు ఇచ్చారు. చిన్నపిల్లలకు అందులో సగం. మిగతా ప్రాంతాల్లో రోగికి మాత్రమే ఇచ్చారు. ఏ ప్రాంతానికి ఏది అన్నది చీటీ వేసినట్టుగా నిర్ణయించారు. తరువాత ఎవరికి కొత్తగా జబ్బు వస్తుందో 2022 జూలై వరకు గమనిస్తూ వచ్చారు. మధ్యలో కరోనా వచ్చి పడింది. లాక్‌డౌన్ రోజుల్లో కూడా సరుకులు ఇళ్లకు చేరవేశారంటే ఆ సిబ్బందికి దండం పెట్టాలి.

ఫలితాలు 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. సరుకులు అందని 4,712 మంది కుటుంబసభ్యుల్లో 122 మందికి కొత్తగా టీబీ వచ్చింది. అందిన 5,602 మందిలో 96 మందికి వచ్చింది. కాలాన్నీ మిగతా తేడాలనూ లెక్కలోకి తీసుకుంటే, తిండి అందిన ఇళ్లలో జబ్బు 39 శాతం తగ్గింది. కళ్లెలో సూక్ష్మజీవి బయటపడే రకం, అంటే ఇతరులకు అంటించే రకం, 48 శాతం తగ్గింది. ఇంకోలా చెప్పాలంటే సుమారు 110 మందికి ఆరు నెలలు బియ్యం, పప్పు పెడితే ఒకరికి టీబీ రాకుండా ఆగుతుంది. ఆ ఒక్కరు ఇంకెంత మందికి అంటించేవారో ఆ లెక్క ఇందులో లేదు.

రోగుల సంగతి కూడా చూడండి. చేరేనాటికి వాళ్లలో నూటికి 80 మందికి పైగా ఉండవలసిన బరువు లేరు. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగిన వాళ్లలో చావు ముప్పు 61 శాతం తక్కువగా ఉంది. 40 కిలోల మనిషికి 5 శాతమంటే రెండు కిలోలు. బరువు పెరగడమే ప్రాణం కాపాడిందా, కోలుకుంటున్నవాడే బరువు పెరిగాడా అని ఎవరైనా అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. కానీ రెండు నెలలైనా ముల్లు కదలకపోతే ఆ రోగి ప్రమాదంలో ఉన్నాడన్నది మాత్రం ఖాయం.

ఇలా ఎందుకు జరుగుతుంది? టీబీ సూక్ష్మజీవి ఒంట్లోకి చేరిన అందరికీ జబ్బు రాదు. పదిమందిలో తొమ్మిది మందికి ఒళ్లే దాన్ని కట్టడి చేసి ఉంచుతుంది. ఆ కాపలా కాసే కణాలకు బలం తిండి నుంచే రావాలి. మనిషి చిక్కిపోతే కాపలా సడలుతుంది, జబ్బు లేస్తుంది. జబ్బు లేచాక ఆకలి చచ్చి మనిషి ఇంకా చిక్కుతాడు. షుగరు జబ్బు, పొగాకు, సారా కూడా ఇదే పని చేస్తాయి. షుగరు ఉంటే టీబీ ముప్పు రెండు మూడింతలు. మన ప్రాంతంలో ఒక పక్క తిండి చాలనివాళ్లు, ఒక పక్క షుగరు వాళ్లు. రెండు దారులూ అక్కడికే పోతున్నాయి.

ఒక జాగ్రత్త చెప్పాలి. తిండి మందుకు బదులు కాదు. మాత్రలు మానేసి గుడ్లు తింటే టీబీ పోదు. జార్ఖండ్‌లో మేలు అంతగా కనబడిందంటే అక్కడ లేమి అంతగా ఉంది కాబట్టి. కడుపునిండా తినే ఇంట్లో అదనంగా బియ్యం పోస్తే అంత మేలు ఉండకపోవచ్చు. ఇంకో సంగతి, వాళ్లు ఇచ్చింది ఖరీదైన డబ్బా పొడులు కావు. అప్పు చేసి పొడి డబ్బాలు కొనే రోగులను నేను వారానికి ఒకరినైనా చూస్తుంటాను. ఆ డబ్బుతో నెలంతా కందిపప్పు, శనక్కాయలు, గుడ్లు వస్తాయి.

ఈ పరిశోధన మాలాంటి వైద్యులకు నేర్పేది చాలా సులువైన పని. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారికి దగ్గు మందు మార్చి మార్చి రాయకుండా కళ్లె పరీక్షకు పంపాలి. టీబీ అని తేలితే ఆ రోజే బరువు తూచి చీటీ మీద రాయాలి. ప్రతి నెలా మళ్లీ తూచాలి. షుగరు చూడాలి. నిన్న ఏం తిన్నావని అడగాలి. అడిగితేనే పథ్యాలు బయటపడతాయి. గుడ్డు వేడి, పప్పు వాతం, శనక్కాయలు పైత్యం అని అన్నీ మాన్పించి చారన్నం పెట్టే ఇళ్లు ఎన్నో. రాగి సంగటి, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, ఏవీ మానక్కరలేదని గట్టిగా చెప్పాలి. ఆ తరువాత ఇంట్లో ఎందరున్నారో అడిగి వాళ్లనూ పిలిపించాలి. జబ్బు ఉందేమో చూడాలి, లేకపోతే రాకుండా ఇచ్చే మందుల గురించి చెప్పాలి. ముఖ్యంగా ఇంటి ఇల్లాలిని చూడాలి. ఆమె అందరూ తిన్నాక మిగిలింది తింటుంది. రోగి ఒక్కడికే సరుకులిస్తే ఆమె తన వంతు ముట్టదు. కుటుంబానికంతటికీ ఇవ్వాలనడంలో ఉన్న మర్మం అదే.

ప్రభుత్వం కూడా కదిలింది. టీబీ రోగుల పోషణకు 2018 నుంచి నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసేవారు. 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 రూపాయలు చేశారు. 2022 సెప్టెంబరులో నిక్షయ్ మిత్ర పథకం మొదలైంది. వ్యక్తులు గానీ సంఘాలు గానీ రోగులను దత్తు తీసుకుని నెలనెలా సరుకుల సంచి ఇవ్వవచ్చు. రేషన్స్ ఫలితాలు వచ్చాక, 2024లో కుటుంబసభ్యులకు కూడా ఇచ్చే వీలు కల్పించారు.

నేను ఈ వేదిక మీద ఈ విషయం ఎంచుకోవడానికి అసలు కారణం ఇదే. మనది యాభై ఏళ్ల సంఘం. గదులు కట్టించాం, బెంచీలు ఇచ్చాం, స్కాలర్‌షిప్పులు పెట్టాం. స్వర్ణోత్సవ నిధి నుంచి ఈ మండలంలోని టీబీ కుటుంబాలకు, వైద్యం జరిగే ఆరు నెలలూ బియ్యం, పప్పు, నూనె, గుడ్లు ఇద్దామని నా ప్రతిపాదన. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నిక్షయ్ మిత్రగా సంఘం పేరు నమోదు చేయిస్తే చాలు. ఫోటోలు వద్దు, పేర్లు బయట పెట్టవద్దు. సంచి ఇంటికి చేరితే చాలు. బ్యాచీకి రెండు కుటుంబాలు తీసుకున్నా చాలా దూరం పోతాం.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లల్ని రోజూ చూసేది మీరు. ఒక పిల్లవాడు చిక్కిపోతున్నా, మాటిమాటికీ దగ్గుతున్నా, వాళ్ల నాన్నకు టీబీ అని తెలిసినా కబురు పెట్టండి. వాణ్ణి వెనక బెంచీలో వేరుగా కూర్చోబెట్టవద్దు. మందు మొదలుపెట్టిన కొద్ది వారాలకే జబ్బు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. బడి మానిపించవలసిన పనీ లేదు.

మనలో చాలామందిమి మధ్యాహ్నం బడిలో పెట్టిన ఉప్మా తిని చదువుకున్నవాళ్లమే. ఆకలితో పాఠం ఎక్కదని ఆనాటి పెద్దలకు ఎవరూ పరిశోధన చేసి చెప్పనక్కరలేకపోయింది. ఆకలితో జబ్బు కూడా తగ్గదని ఇప్పుడు లెక్కలతో సహా తేలింది. మాత్రలు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. మెతుకుల సంగతి మనం చూద్దాం. వచ్చే నెల కార్యవర్గ సమావేశంలో దీన్ని మొదటి అంశంగా పెట్టాలని అధ్యక్షుల వారిని కోరుతున్నాను.