ఊపిరి కొలత, బ్రతుకు కొలత



శ్వాసరోగి వైద్యశాలకు వచ్చినప్పుడు స్పైరోమీటరు అను యంత్రమున ఊదింతురు. మొదటి సెకనులో ఎంత గాలి వెలువడెనో అది అంకెలలో చూపును. కాని ఆ రోగి రాత్రి ఎన్నిమార్లు దగ్గుతో లేచెనో, దగ్గునకు జంకి పెండ్లిపేరంటములకు పోవుట ఎప్పుడు మానెనో ఆ యంత్రము చెప్పజాలదు. అది రోగి నోటనే రావలెను. వచ్చిన మాటను కొలతగా మార్చుట యెట్లు? నేటి ప్రసంగవిషయ మిదియే.

ఇందుకు ప్రైమరీ సిలియరీ డిస్కినీషియా అను అరుదైన వ్యాధిని ఉదాహరణముగా గ్రహింపవచ్చును. శ్వాసమార్గపు లోపలి పొరమీద శైలికలు అను సూక్ష్మమైన నూగు కలదు. అవి సెకనుకు పదిమార్ల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు కదలుచు ధూళిని, శ్లేష్మమును గొంతువైపు నెట్టుచుండును. ఈ వ్యాధిలో పుట్టుకనుండియే ఆ కదలిక చెడియుండును. కఫము నిలిచిపోయి ముక్కు, చెవులు, ఊపిరితిత్తులు మాటిమాటికి చీడపడును. సుమారు సగముమందిలో గుండె మొదలైన అవయవములు కుడియెడమలు తారుమారై యుండును. 1933లో జ్యూరిచ్ వైద్యుడు కార్టజెనర్ ఈ లక్షణములలో కొన్నింటిని ఒకచోట చేర్చి వర్ణించెను. 1976లో స్వీడను శాస్త్రజ్ఞుడు అఫ్జీలియస్ మూలము శైలికలలోనే కలదని చూపెను.

దీనిని నిర్మూలించు మందు నేటికిని లేదు. కఫమును వెడలించు సాధనను రోగి దినదినము చేయవలెను. కొలువునకు పోవు గృహస్థునకు ఆ కాలము నిద్రనుండియో, బిడ్డల ముచ్చటనుండియో రావలెను. చికిత్స ఊపిరిని కాపాడుచునే బ్రతుకులో కొంత భాగము తీసికొనును. కావుననే రెంటిని వేర్వేరుగా కొలువవలసి వచ్చినది.

ఆరోగ్యమనగా రోగము లేకుండుట మాత్రమే కాదని 1948లో అమలునకు వచ్చిన ప్రపంచ ఆరోగ్యసంస్థ నిబంధనావళి చాటినది. 1990 దశకములో ఆ సంస్థ జీవననాణ్యతను కొలుచుటకు పదునైదు కేంద్రములలో ప్రశ్నావళిని రూపొందించినప్పుడు న్యూఢిల్లీ, మద్రాసు వానిలో నుండెను. ఊపిరితిత్తుల రోగులకై లండనులో 1992లో సెయింట్ జార్జి ప్రశ్నావళి వెలువడెను. అయితే అందులో ముక్కు, చెవుల బాధకు చోటు లేదు. పిదప బ్రిటను, ఉత్తర అమెరికా వైద్యులు రోగులనే అడిగి ఈ వ్యాధికే ప్రత్యేకమైన ప్రశ్నావళిని కూర్చిరి. పెద్దలపై జరిపిన పరీక్షాఫలితములు 2017లో వెలువడినవి. శరీరశక్తి, మనఃస్థితి, ఉద్యోగబాధ్యతలు, సంఘజీవనము, చికిత్సాభారము, వినికిడి మొదలైన పది విభాగములకు వేర్వేరుగా నూటికి మార్కులు వచ్చును. ఇందులో హెచ్చు మార్కు మేలునకు గుర్తు. సెయింట్ జార్జి పద్ధతిలో హెచ్చు మార్కు కీడునకు గుర్తు. ఇది తెలియక అంకెలు పోల్చినచో ఫలితము తలక్రిందులగును.

భాష విషయము మరింత సున్నితమైనది. ఆయాసమని తెలుగువారు ఊపిరాడకపోవుటనందురు, అలసటనుకూడ నందురు. ఆంగ్ల ప్రశ్నావళిలో అవి రెండు వేరు విభాగములు. కావున ఒకరు అనువదించినదానిని వేరొకరు తిరిగి ఆంగ్లములోనికి మార్చి సరిచూతురు. పిమ్మట రోగులకు చదివి వినిపించి, వారు ఏమని గ్రహించిరో కనుగొందురు.

మర్యాదయు ఒక అడ్డంకియే. ఎట్లున్నారని పెద్దలడిగిన, 'ఏదో, బాగానే ఉన్నాను' అనుట మన అలవాటు. రోగులు వేలకొలది యున్నచోట అట్టి జవాబొకటి లెక్కలో కలిసిపోవును. కొలదిమందియే యున్న వ్యాధిలో అది మంచి మందును వ్యర్థమనిపింపవచ్చును, వ్యర్థమైనదానిని మంచిదనిపింపవచ్చును.

ఇంట దీర్ఘకాల శ్వాసరోగి యున్నవారు వైద్యుని చూడబోవుటకు ముందు గత వారపు నిద్ర, నడక, దగ్గు, మానుకొన్న పనులు ఒక కాగితముపై వ్రాసికొని పోవుట మేలు. వ్రాయవలసినది రోగియే, ఇంటివారు ప్రక్కన కూర్చుండి, తొందరపెట్టక, ఆ మాటలను దిద్దక వినిన చాలును.