సైకిలుపై పొరుగుదేశ యాత్ర: కావలసిన సన్నాహము



యాత్ర యనగానే తెలుగువారికి కాశీరామేశ్వరములు తలపునకు వచ్చును. 1830లో చెన్నపట్టణము నుండి పల్లకిలో కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకి దారిని, వసతిని, ఊరి సంగతులను దినచర్యగా వ్రాసియుంచిరి. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్ర నేటికిని చదువబడుచున్నది. పల్లకి మోయుటకు బోయీలు కావలెను. సైకిలునకు తన కాళ్లే చాలును. కాని ముందుచూపు మాత్రము రెంటికిని సమానమే.

1923 అక్టోబరు 15న బొంబాయి నుండి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్లపై ప్రపంచయాత్రకు బయలుదేరిరి. పారశీకము, ఇరాకు, ఐరోపా, అమెరికా, జపాను, చైనా, బర్మాల మీదుగా సుమారు 71,000 కిలోమీటర్లు తిరిగి, 1928 మార్చిలో యాత్ర ముగించినవారు మువ్వురే: ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగారా. తక్కిన మువ్వురు నడుమనే విరమించిరి. దేహదార్ఢ్యము గల యువకులలోనే సగముమంది నిలిచిరనిన, ఉత్సాహమొక్కటే దారిబత్తెము కాదని తెలియుచున్నది.

ఖమ్మము, భద్రాచలము అడవి అంచున నివసించువారికి విదేశము మిక్కిలి దూరమని తోచవచ్చును. అయితే కొత్తగూడెము, పాల్వంచ, భద్రాచలములను తాకుచు పోవు 30వ జాతీయ రహదారి చింతూరు, కుంట, జగదల్‌పూరు, రాయపూరు, జబల్‌పూరు, ప్రయాగ, లక్నోల మీదుగా హిమాలయ పాదమున గల సితార్‌గంజి వరకు సాగుచున్నది. అచ్చటికి సమీపముననే బనబసా కడ నేపాలు సరిహద్దు. 1965లో గోదావరిపై వంతెన ఏర్పడువరకు భద్రాద్రి రాముని దర్శనమునకే పడవ ఎక్కవలసియుండెను; నేడు ఆ ఆలయపు ఊరి నుండి దిగకుండ నేపాలు పొలిమేర చేరవచ్చును. భారతీయులకు అచ్చట వీసా అక్కరలేదు; పాస్‌పోర్టు గాని, ఎన్నికల గుర్తింపు కార్డు గాని చాలును. తొలి విదేశయాత్రకు ఇంతకంటె అనువైన దారి లేదు.

భద్రాచలము నుండి దూరము సుమారు 1,800 కిలోమీటర్లు. దినమునకు 60 చొప్పున ముప్పది దినములు. వారమునకొక విశ్రాంతి దినము చేర్చిన ముప్పదియైదు. ఇక కాలనిర్ణయము. శ్రావణభాద్రపదములలో గోదావరి 43 అడుగులు దాటిన మొదటి హెచ్చరిక, 53 దాటిన మూడవది. అప్పుడు చింతూరు దారి నీట మునుగును. పుష్యమాసమున ఉత్తరాది మైదానములను పొగమంచు కప్పును. వేసవి యెండ సంగతి కొత్తగూడెమువారికి చెప్పనక్కరలేదు. కావున అక్టోబరు నడుమ బయలుదేరి నవంబరు చివరకు సరిహద్దు చేరుట మేలు.

చిక్కు ఇచ్చటనే కలదు. ఈ ప్రాంతమున పత్తి తీయు కాలము సరిగా అదియే. కమతము గల ఇంటి కుర్రవాడు ఆ నెలలలో కదలిన, ఆ బరువు తల్లిదండ్రుల వీపున పడును. ఆ పనికి మనిషిని కుదిర్చి, కూలిసొమ్ము ముందుగా ఇంట నుంచి, పెద్దల అనుమతి పొంది బయలుదేరుట యాత్ర. చెప్పక పోవుట పారిపోవుట. ధనమును రెండు మూటలుగా కట్టవలెను: ఒకటి దారిఖర్చు, రెండవది తిరుగు రైలు టిక్కెట్టు సొమ్ము. రెండవ మూటను ఆకలియైనను విప్పరాదు.

సామాను పదిహేను కిలోలు మించరాదు. రెండు ట్యూబులు, పంక్చరు సామాను, గాలిపంపు, కొన్ని పుల్లలు, చైను ముక్క, రెంచీలు తప్పనిసరి. చక్రము విప్పి బిగించుట, పంక్చరు వేయుట ఊరి సైకిలు షాపులో ముందే నేర్చుకొనవలెను. అడవిలో షాపు దొరకదు. బస్తరు అడవులలో పగటిపూట మాత్రమే సాగవలెను. ముందు ఊరి క్షేమము పోలీసు ఠాణాలో విచారించి, రాత్రి జనమున్న ఊరనే ఆగవలెను. కోయగూడెములలో నీరడిగిన, వారి మర్యాదను మన్నించి అడుగవలెను.

బయలుదేరుటకు నెల ముందు, పూర్తి సామానుతో ఖమ్మము నుండి భద్రాచలమునకు 120 కిలోమీటర్లు రెండు దినములలో పోయి, మరి రెండు దినములలో తిరిగి రావలెను. అయిదవ దినమున మరల సైకిలెక్కుటకు మనసు ఒప్పినచో ఆ యువకుడు సిద్ధమైనట్లే. ఒప్పనిచో మరియొక యేడు ఆగుటలో అవమానము లేదు.

తిరిగి వచ్చినవాడు దారిలో వ్రాసిన పుస్తకమును గ్రంథాలయమున ఉంచవలెను. ఎచ్చట నీరు చేదు, ఎచ్చట వంతెన కూలినది, ఎవరింట అన్నము పెట్టిరి అను సంగతులు రెండవవానికి అక్కరకు వచ్చును. ఒకరి శ్రమ పదుగురకు త్రోవ యగుటకే గ్రంథాలయములు వెలసినవి.